ఇసుకలో తూటు నిలుస్తుందా?

ఎండిన ఏటిలో చెలమ తవ్వినవాళ్లకు తెలుసు: తోడిన కొద్దీ పక్కల నుంచి ఇసుక జారి గుంటను పూడ్చేస్తుంది. నైజర్ డెల్టాలోనూ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోనూ చాలాచోట్ల చమురు ఉండేది ఇలాంటి విడి ఇసుకలోనే. కాకపోతే వేల అడుగుల లోతున.

బావిలో దించిన ఉక్కు కేసింగ్‌కూ, దాని వెనక సిమెంటుకూ తూట్లు పొడిస్తేనే చమురు లోపలికొస్తుంది. 1932లో కాలిఫోర్నియాలో ఇందుకు నిజంగానే తూటాలు పేల్చారు. ఇప్పుడు తూటాలు దాదాపు పోయాయి, పర్ఫొరేటింగ్ గన్ అన్న పేరు మిగిలింది. ఇప్పటి గన్‌లో గరాటు ఆకారపు లోహపు పొర వెనక పేలుడు మందు ఉంటుంది. పేలగానే ఆ లోహం సన్నటి ధారగా మారి సెకనుకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది.

గన్ సత్తా తేల్చడానికి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పద్ధతిలో కనీసం 28 రోజులు గట్టిపడిన కాంక్రీటు దిమ్మెలోకి పేల్చి, లోతు కొలుస్తారు. కేటలాగుల్లో గొప్పగా కనిపించే అంకె అదే. గట్టి రాతికే అది అంతంతమాత్రం సాక్ష్యం. విడి ఇసుకకైతే మరీ దండగ. ఎంత లోతుకు పొడిస్తే ఏం, మరుక్షణమే ఇసుక కూలి పూడ్చేస్తుంటే?

అందుకే ఇక్కడ కేసింగ్‌కు పెద్ద తూట్లు పెట్టి, వాటి నిండా ముతక ఇసుక కూరుతారు. గ్రావెల్ ప్యాక్ అంటారు. సన్న ఇసుకను ఆపి చమురును వదిలే జల్లెడ అది. తూటు వ్యాసం 0.4 అంగుళం నుంచి 0.8కి పెరిగితే వైశాల్యం నాలుగింతలు. అంతే చమురు నాలుగో వంతు వేగంతో వస్తుంది. నెమ్మది ప్రవాహంలో పీడన నష్టం నాలుగో వంతుకు, సుడులు తిరిగే ప్రవాహంలో దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది.

కాబట్టి పరీక్షా మారాలి. ఏటవాలు బావిలో గన్ కేసింగ్‌లో ఒక పక్కకు ఒరిగి పడుకుంటుంది. దగ్గరి గోడకూ దూరపు గోడకూ తూట్లు ఒకేలా పడవు. అందుకే అసలు కేసింగ్ ముక్కలో గన్‌ను అలాగే ఒరిగించి, చుట్టూ నీళ్లు నింపి పేల్చి, ప్రతి తూటునూ కొలవాలి. ఆ పైన ఇసుకను రబ్బరు తొడుగులో కుదించి, బయటి నుంచి పీడనం పెట్టి, అందులోకి పేల్చి ద్రవం పారించి చూడాలి. ఇసుక చేతికి నిలవదు గనక, దాని బదులు యూటా నుంచి తెచ్చే కాసిల్‌గేట్ అనే బలహీనపు ఇసుకరాయినీ వాడతారు.

విడి ఇసుకకు గన్ ఎంచాల్సివస్తే నేను లోతును పక్కనపెట్టి, దూరపు గోడకు పడ్డ అతి చిన్న తూటు వ్యాసమెంతో ముందు అడుగుతాను.