పాత టేకు సామానుకు ప్రాణం పోసేది అడవి లక్కే

భిలాయి: దేశానికి రైలు పట్టాలు అందించే ఊళ్లో కొయ్య సామాను ప్రస్తావన కొంత విడ్డూరంగానే తోస్తుంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలసింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ తరంలోనే దేశమంతటా మధ్యతరగతి ఇళ్లలో టేకు బీరువాల చోటును ఇనుప బీరువాలు, భోషాణాల చోటును ట్రంకు పెట్టెలు ఆక్రమించాయి. కొయ్యను ఇళ్ల నుంచి సాగనంపిన ఉక్కుకు ఛత్తీస్‌గఢ్ ఎంత పేరుపొందిందో, మిగిలిన పాత కొయ్యను కాపాడే లక్కకూ అంతే పేరుపొందింది. ఈ రెండవ సంగతి పెద్దగా ప్రచారంలో లేదు.

కర్మాగారంలో కొలువుల కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి, ప్రత్యేకించి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, వేలాది కుటుంబాలు విజయనగరం-రాయపూర్ రైలు మార్గం వెంబడి ఇక్కడికి తరలివచ్చాయి. తాతల నాటి పందిరి మంచమో, పడక కుర్చీయో, సొరుగుల బల్లో ఉన్న ఇంట, పదవీ విరమణ చేసి క్వార్టర్ ఖాళీ చేయవలసిన రోజున ఒక ప్రశ్న తప్పదు. దానిని బాగుచేయించి వెంట తీసుకుపోవడమా, వచ్చిన ధరకు వదిలించుకోవడమా?

వదిలించుకునే ముందు కొన్ని సంగతులు తెలిసి ఉండటం మంచిది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల్లో చెట్ల నరికివేతపై కట్టుదిట్టమైన ఆంక్షలు వచ్చాయి. బర్మా టేకు దుంగల ఎగుమతిని మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. చేవదేరిన ముదురు టేకు కొత్తగా దొరకడం అరుదైన కొద్దీ పాత తలుపులకు, ద్వారబంధాలకు, దూలాలకు విలువ పెరిగింది. నూరేళ్లు దాటిన పనితనం గల వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. దేశంలో అమ్ముకోవచ్చునని, చట్టానికి తెలియకుండా దాచుకోనవసరం లేదని కొందరికి తెలియదు.

అయితే పాత సామానుకు చెదల కంటే అవగాహన లేని మరమ్మతే ఎక్కువ చేటు చేస్తుంది. చెదపురుగు టేకు చేవను అంత తేలికగా ముట్టదు. బెరడును ఆనుకుని ఉండే లేత తెల్ల చెక్కనే తినిపోతుంది. తిన్నంత మేర తొలగించి, అదే జాతి పాత చెక్క తునకను, నార వెళ్లే దిక్కు కలిసేలా అతికితే వస్తువు మరో తరం నిలుస్తుంది. పలక పగిలినప్పుడే అసలు చిక్కు. కొయ్య పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. మే నెల ఎండకు కుంచించుకుపోయి, ఆగస్టు తేమకు ఉబ్బుతుంది. అడుగు వెడల్పు టేకు పలకలో ఈ తేడా రెండు మూడు మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. పాతకాలపు వడ్రంగికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే తలుపు రెక్కలో పలకను గాడిలో వదులుగా నిలిపాడే తప్ప మేకు కొట్టలేదు, జిగురు పెట్టలేదు. నేడు మరమ్మతు చేసేవారు ఆ వదులును లోపమని భ్రమించి మేకులు దిగగొట్టడం, సందులను లప్పంతో పూడ్చడం పరిపాటి అయింది. కదలడానికి చోటులేని పలక మరుసటి వేసవికే నిలువునా చీలుతుంది.

కూసాలు వదులైన కుర్చీల విషయంలోనూ ఇదే కథ. వెనుకటి వడ్రంగులు పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు వాడేవారు. వేడినీటి తడి తగిలితే అది మెత్తబడుతుంది. కుర్చీని విప్పి, శుభ్రపరచి, తిరిగి బిగించవచ్చు. ఫెవికాల్ బజారులోకి వచ్చినది కూడా, యాదృచ్ఛికంగా, భిలాయి తొలి ఫర్నేస్ వెలిగిన 1959లోనే. కొత్త సామానుకు ఇటువంటి తెల్ల జిగురు శ్రేష్ఠమైనదే. పాత కూసాలకు పూస్తే మాత్రం తర్వాత ఎవరైనా విప్పబోయినప్పుడు అతుకు ఊడదు, చుట్టూ ఉన్న చెక్క విరుగుతుంది.

ఇక మెరుగు సంగతి. యంత్రంతో ఉప్పుకాగితం పట్టించి, పాలీయురేథేన్ పూత వేయిస్తే బల్ల అద్దంలా నిగనిగలాడుతుంది. దానితో దశాబ్దాలుగా తేలిన పాత రంగు గీరుకుపోతుంది, సామాను విలువా పడిపోతుంది. ఆ పూత పెచ్చులూడితే మొత్తం గీకి మళ్లీ వేయవలసిందే. లక్క పాలిష్ అటువంటిది కాదు. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలుచని పొరలు పొరలుగా రుద్దుతారు. ఎన్నాళ్లకైనా స్పిరిట్ తగిలితే పాత పొర కరిగి కొత్త పొరతో కలిసిపోతుంది. చెక్కను గీరే పని లేదు. దీనికీ లోపాలున్నాయి. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లని మచ్చ పడుతుంది. నిత్యం భోజనం చేసే బల్లకు ఇది నప్పదు. ముసురు పట్టిన రోజున పూస్తే పొర తెల్లబారుతుంది.

ఆ లక్క వచ్చేది మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మలను ఆశ్రయించే పురుగు నుంచి. ప్రపంచంలో లక్క ఉత్పత్తిలో మనదేశమే ముందున్నది. దేశంలో ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ప్రధానమైనవి. భిలాయికి దక్షిణాన కాంకేర్ ప్రాంతపు గిరిజన రైతులకు ఇది చేతిఖర్చుకు ఆదుకునే పంట. కొమ్మల నుంచి ఒలిచిన లక్కను దంచి, కడిగి, సంచిలో కరిగించి, పలుచని రేకుగా సాగదీస్తారు. ఒకప్పుడు గ్రామఫోన్ రికార్డులన్నీ దీనితోనే తయారయ్యేవి. వినైల్ వచ్చి ఆ గిరాకీని తుడిచిపెట్టింది. రంగుల పరిశ్రమలో కృత్రిమ రెజిన్లు మరికొంత లాక్కున్నాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో లక్క పెంపకానికి వ్యవసాయ హోదా కల్పించింది. అయినా ధరల ఊగిసలాట మాత్రం పెంపకందారును వదలలేదు.

పాత కొయ్యపని అంటే సంపన్నుల వేడుక అనుకోనవసరం లేదు. హైదరాబాదులో నూటొక్క మంది ఒకేసారి కూర్చునే ఫలక్‌నుమా భోజనపు బల్ల ఏళ్ల తరబడి సాగిన పునరుద్ధరణ తర్వాత 2010లో హోటలు అతిథులకు అందుబాటులోకి వచ్చిన మాట నిజమే. కానీ భిలాయికి చేరువలోనే ఖైరాగఢ్ రాజభవనం 1956 నుంచి సంగీత విశ్వవిద్యాలయంగా, రాజ్‌నాంద్‌గావ్ సంస్థానాధీశుల కోట దిగ్విజయ్ కళాశాలగా నడుస్తున్నాయి. విద్యార్థులు నిత్యం తెరిచి మూసే తలుపులకు మేకు, లప్పం ఎంత చేటో పందిరి మంచానికీ అంతే చేటు.

పాలిష్ పని వానలు ముగిసి గాలి పొడిబారిన తర్వాత పెట్టుకోవడం మేలు. కుసుమ్ చెట్లకు జూన్-జులైలో కట్టిన విత్తన లక్క జనవరి-ఫిబ్రవరి నాటికి కోతకు వస్తుంది. పాలిష్‌కు అనువైన రోజులూ అవే.