మీకు తెలుసా? గుడిసె ఒకరిది, నేల ఇంకొకరిది

సూరత్ అనగానే మనవాళ్లకు మరమగ్గాలు, చీరల బేళ్లు, వజ్రాల సాన గుర్తుకొస్తాయి. తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువుకు వెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా ఉంటున్నారు. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు బడులు కూడా నడుపుతోంది. ఆ ఊరు దాటి తూర్పుకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే బార్డోలీ. 1928లో వల్లభ్‌భాయ్ పటేల్‌ను సర్దార్‌ను చేసిన శిస్తు పోరాటం అక్కడిదే. చిన్నప్పుడు పాఠంలో అందరం చదువుకున్నాం. అయితే ఆ పోరాటం శిస్తు కట్టేవాళ్లది, అంటే భూమి ఉన్నవాళ్లది. ఆ పొలాలు దున్నినవాళ్ల ఊసు మన పాఠాల్లో లేదు.

వాళ్లను అక్కడ 'హాలీ' అనేవారు. మీకు తెలుసా, మనకు దగ్గరి మాటే అది. హలం పట్టేవాణ్ని మనం హాలికుడంటాం, గౌరవంగా అంటాం. సూరత్ జిల్లాలో హాలీ అంటే నాగలికి అమ్ముడుపోయిన మనిషి. ఎక్కువమంది దుబ్లా అనే ఆదివాసీ తెగవాళ్లు. పెళ్లి చేసుకోవాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు భూస్వామి ఇస్తాడు. ఆ అప్పు తీరేదాకా అతని పొలంలో పని చేయాలి, అది బతికినన్నాళ్లూ తీరదు. భార్య వాళ్లింట్లో అంట్లు తోమి, పేడ ఎత్తాలి. కొడుకు ఎదిగాక తన పెళ్లికి అదే ఇంట్లో అప్పు చేస్తాడు. మన పల్లెల్లో జీతగాడి కథ తెలిసినవాళ్లకు ఇందులో విడమరచాల్సిందేమీ లేదు.

ఇంటి సంగతి చూడండి. హాలీ గుడిసె కట్టుకునేది యజమాని నేల మీదే. గడ్డి, కర్ర, మట్టి కూడా చాలాసార్లు ఆయన ఇచ్చినవే. పని మానేస్తే కూలి ఒక్కటే పోదు, గూడూ పోతుంది. మనిషిని కట్టిపడేయడానికి అప్పు పత్రం కంటే ఆ గుడిసే గట్టి తాడు అని నా అభిప్రాయం. అప్పు ఎగ్గొట్టి పారిపోయినవాళ్లుంటారు. వానాకాలంలో పసిపిల్లలతో గూడు వదిలి ఎక్కడికి పోతారు?

'దుబ్లా' అంటే బలహీనుడు, దుర్బలుడు. ఒక తెగ మొత్తానికి అలాంటి పేరు పెట్టి పిలవడం బాగాలేదని గాంధేయులు 'హల్పతి' అన్నారు, నాగలికి అధిపతి అని. 1938లో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగిన హరిపురా కూడా ఈ చుట్టుపక్కలదే. మరుసటి ఏడాది, 1939 జనవరి 26న, భూస్వాములకూ హాలీలకూ మధ్య బార్డోలీలో ఒప్పందం కుదిరింది. హాలీలు ఇక స్వేచ్ఛా జీవులు, రోజుకూలి ఇవ్వాలి అని రాసుకున్నారు. కాగితం మీది మాట పొలం గట్టు దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. 1960ల మొదట్లో ఈ ఊళ్లలో తిరిగి అధ్యయనం చేసిన డచ్చి సామాజికశాస్త్రవేత్త యాన్ బ్రేమన్ పాత కట్టు సడలుతున్న తీరును వివరంగా రాశాడు. యజమానికి పనివాణ్ని ఏడాది పొడుగునా పోషించాలన్న పూచీ పోయింది. పనివాడి చేతికి భూమి మాత్రం రాలేదు.

ఇంకో సంగతి. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం తెరిచి చూస్తే, దేశంలో ఈ దాస్యానికి ఉన్న పేర్లన్నీ వరుసగా కనిపిస్తాయి. వాటిలో మనకు తెలిసినవి ఎన్నో! భగేలా, జీతా, పాలేరు, వెట్టి. భగేలా అన్నది నిజాం రాజ్యపు మాట. దాన్ని అదుపు చేయడానికి హైదరాబాద్ సంస్థానంలో 1936లోనే ఒక శాసనం చేయాల్సి వచ్చింది. ఈ చట్టం గురించి మాట్లాడేవాళ్లు అప్పు రద్దు గురించే చెబుతారు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఎనిమిదో సెక్షన్. వెట్టి నుంచి విడుదలైన మనిషిని, ఆ వెట్టికి ప్రతిఫలంగా అప్పటిదాకా ఉంటున్న ఇంట్లోంచి, ఇంటి జాగాలోంచి ఖాళీ చేయించకూడదు. ఎవరైనా ఖాళీ చేయిస్తే అధికారి వీలైనంత త్వరగా తిరిగి ఇప్పించాలి. ఆ రెండు వాక్యాలు రాసినవాళ్లెవరో గాని, గుడిసెను దగ్గరి నుంచి చూసినవాళ్లే అయి ఉంటారు.

మళ్లీ సూరత్‌కు వద్దాం. ఆ నేల నుంచి ఎదిగిన చట్టసభ సభ్యుల్లో అమర్‌సింహ్ చౌధరి పేరు ముందు చెప్పాలి. చౌధరి తెగవాడు, సివిల్ ఇంజినీరింగు చదివినవాడు. పుట్టింది 1941లో, వ్యారా దగ్గరి డోలవణ్‌లో. అప్పట్లో అది సూరత్ జిల్లా, 2007లో తాపీ జిల్లాగా విడిపోయింది. 1985 జులైలో గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రాష్ట్రానికి ఇంతవరకూ ఆయన తప్ప మరో ఆదివాసీ ముఖ్యమంత్రి లేరు. 1989 చివరిదాకా కొనసాగారు, మధ్యలో వరుస కరవులు. కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది కూడా 1985-86లోనే. దళితులకు, గిరిజనులకు, వెట్టి నుంచి విడుదలైన కూలీలకు పక్కా ఇళ్లు కట్టించడానికి పుట్టిన పథకం అది.

కువర్జీ హల్పతి పేరు తెలుసా? 2022లో సూరత్ జిల్లా మాండ్వి నుంచి శాసనసభకు గెలిచారు. ఆ డిసెంబరులో ఏర్పడిన మంత్రివర్గంలో గిరిజనాభివృద్ధి, కార్మిక శాఖల సహాయ మంత్రి అయ్యారు. ఇంటిపేరులోనే తెగ పేరు ఉన్న మనిషి, తాతల కాలంలో కూలి అడిగే హక్కే లేని జనం నుంచి వచ్చి కార్మిక శాఖలో కూర్చోవడం చిన్న సంగతి కాదు. పార్టీల లెక్కలు పక్కన పెట్టి చెబుతున్నాను.

అదే జిల్లాలో కోట్వాలియాలున్నారు. మన మేదరుల్లాగే వెదురుతో బుట్టలు, తడికెలు అల్లుతారు. గుజరాత్‌లో అత్యంత వెనుకబడినవిగా గుర్తించిన ఐదు ఆదిమ తెగల్లో వాళ్లదొకటి. ఇలాంటి తెగల కోసమే 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ పథకం ప్రారంభమైంది. దేశమంతటా 4.90 లక్షల ఇళ్లు, ఒక్కోదానికి 2.39 లక్షల రూపాయలన్నది లెక్క. మన చెంచులు, కోలాములు, తోటీలు, కొండరెడ్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు.

కాస్త దూరం వెళ్దాం, భూగోళం ఉత్తరపు అంచుకు. కెనడాలోని నునావుట్‌లో ఎక్కువమంది ఇనూయిట్ ఆదివాసులు. అక్కడి ఇరవై ఐదు ఊళ్ల మధ్య రోడ్డన్నది లేదు. సిమెంటు, కలప, మేకులు సమస్తం మంచు కరిగిన ఆ కొద్ది నెలల్లో ఓడ మీద రావాలి. ఓడ తప్పిందా, ఇల్లు మరుసటి వేసవికే. 2019లో ఆ ప్రాంతం నుంచి పార్లమెంటుకు ఎన్నికైన ఇనూయిట్ యువతి ముమిలాక్ కక్కాక్ ఊరూరా తిరిగి జనం ఇళ్లలోకి వెళ్లారు. గోడలకు పట్టిన బూజు, ఒక్క ఇంట్లో కిక్కిరిసి ఉంటున్న కుటుంబాలు, అన్నీ కళ్లారా చూసి, 2021లో నివేదికగా బయటపెట్టారు. మళ్లీ పోటీ చేయలేదు. సభలో తనకు భద్రత ఉందని ఎన్నడూ అనిపించలేదని వీడ్కోలు ప్రసంగంలో చెప్పి వెళ్లారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

అలా గడప గడపకూ నడిచిన శాసనసభ్యురాలు మనకూ ఉన్నారు. ములుగు సీతక్క. దనసరి అనసూయ అన్నది అసలు పేరు, కోయ ఆడపడుచు. చిన్న వయసులోనే అడవిలో దళంలో చేరి, 1990లలో బయటికొచ్చి, న్యాయశాస్త్రం చదివి, 2009లో ములుగు నుంచి గెలిచారు. తర్వాత 2018లోనూ 2023లోనూ. 2020 లాక్‌డౌన్‌లో బియ్యం, పప్పు, కూరగాయలు మోసుకుని వాగులు దాటి గూడేలకు నడిచి వెళ్లిన ఆమె ఫొటోలు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అందరికీ తెలియని సంగతి, ఆమె 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఆ పరిశోధన అంతా గొత్తికోయల గురించే.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి, ములుగు, భద్రాద్రి అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్లు గొత్తికోయలు. 2005లో అక్కడ మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక వలస ఎక్కువైంది. మన చట్టాల్లో రెండు గీతలున్నాయి. గిరిజన గుర్తింపు రాష్ట్రానికి రాష్ట్రం వేరు, సరిహద్దు దాటితే అది వెంట రాదు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందే ఆ నేల మీద ఉండాలి. తుపాకుల మోత నుంచి పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన తల్లికి తేదీ చూసుకుని బయల్దేరే వీలుంటుందా? ఆ రెండు గీతలకూ బయట మిగిలిపోయిన జనం గురించే సీతక్క సిద్ధాంత వ్యాసం రాశారు. 2023 డిసెంబరు 7న ఆమె పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖల మంత్రిగా ప్రమాణం చేశారు.

మూడు నెలలకు, 2024 మార్చి 11న, తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని భద్రాచలంలో మొదలుపెట్టింది. ఇంటికి 5 లక్షలు, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. తొలి విడతలో సొంత జాగా ఉన్నవాళ్లకే ఇస్తామన్నారు. ఆ సభ జరిగిన ఊరి చుట్టూ అడవిలో గొత్తికోయల గుడిసెలున్నాయి. వెదురు తడికె గోడలు, పైన గడ్డి, పక్కన కాస్త జొన్న చేను. వాటి కింది నేలకు పట్టా లేదు.