పెళ్లి చేస్తే కుదిరే జబ్బా ఇది?

‘నాకు అమ్మాయిలంటే కాదు, అబ్బాయిలంటేనే ఇష్టం’ అని కొడుకు నోరు విప్పి చెప్పిన రోజున చాలా ఇళ్లలో వినిపించే మాటలు రెండు. ‘మంచి డాక్టర్‌కి చూపిద్దాం’ అనేది ఒకటి. ‘పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అనేది రెండోది. పెళ్లికీ పిచ్చికీ ముడిపెట్టే సామెత మనకు ఎలాగూ ఉంది. అయితే ఇక్కడ కుదరడానికి అసలు పిచ్చే లేదు. వైద్యశాస్త్రం ఈ సంగతి తేల్చి యాభై ఏళ్లు దాటింది.

ఎలా తేలిందో తెలుసుకోవాలంటే 1950ల నాటి అమెరికాకు వెళ్లాలి. స్వలింగ ఆకర్షణను అప్పట్లో మానసిక రోగాల జాబితాలో రాసేవారు. జైళ్లలో, ఆస్పత్రుల్లో ఉన్నవారిని పరీక్షించి ‘వీళ్లందరికీ మనసు బాగోలేదు’ అనడం మామూలే. ఆస్పత్రిలో వెతికితే రోగులే దొరుకుతారు కదా! ఎవలిన్ హుకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ లోపాన్ని పట్టుకున్నారు. చికిత్సలో లేని, మామూలుగా జీవిస్తున్న 30 మంది స్వలింగ ఆకర్షణ గల పురుషులను ఎంచుకున్నారు. వయసు, చదువు, తెలివితేటల్లో వారికి సరిజోడైన మరో 30 మంది పురుషులను తీసుకున్నారు. ఈ రెండో బృందంలోని వారి ఆకర్షణ స్త్రీల పట్ల. సిరామరకల బొమ్మలు చూపే రోర్షాక్ పరీక్షతో పాటు మరికొన్ని పరీక్షలు అందరికీ పెట్టారు. ఎవరి జవాబులో చెప్పకుండా ఆ ఫలితాలను పేరున్న నిపుణుల ముందు ఉంచారు. ఏది ఏ బృందానిదో గుర్తించడంలో నిపుణులు నాణెం ఎగరేసి చెప్పినదానికంటే మెరుగ్గా రాణించలేదు. మానసిక ఆరోగ్యంలోనూ రెండు బృందాల మధ్య తేడా కనబడలేదు.

1957లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగాల జాబితా నుంచి స్వలింగ ఆకర్షణను తీసేసింది. 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే పని చేసింది. ఇది జబ్బు కాదని 2018లో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ స్పష్టం చేసింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనులు పరస్పర ఇష్టంతో కలిసి ఉండటం 377వ సెక్షన్ కింద నేరం కాదని తీర్పు ఇచ్చింది.

‘జబ్బు కాకపోతే మరి కారణం ఏమిటి? పెంపకంలో లోపమా?’ అనే ప్రశ్న తల్లులను ఎక్కువగా వేధిస్తుంది. పెంపకం వల్ల వస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఏదీ దొరకలేదు. ‘గే జీన్’ అనే ఒకే ఒక్క జన్యువు కూడా లేదు. 2019లో సుమారు 4,77,000 మంది జన్యు సమాచారాన్ని జల్లెడ పట్టిన అధ్యయనంలో ఇందుకు సంబంధం ఉన్న చోట్లు ఐదు స్పష్టంగా కనిపించాయి. వీటి ప్రభావం చాలా స్వల్పం. జన్యువుల్లోని చిన్నచిన్న తేడాలన్నీ కలిపినా మనుషుల మధ్య కనిపించే వైవిధ్యంలో 8 నుంచి 25 శాతం వరకే వివరించగలిగాయి. రక్తపరీక్ష చేసి ఎవరు ఎవరిని ఇష్టపడతారో చెప్పడం కుదరదు. పైగా ఆ అధ్యయనం యూరప్ మూలాలున్న వారికే పరిమితం. అది లెక్కించింది కూడా ఆకర్షణను కాదు, ‘ఎప్పుడైనా స్వలింగ భాగస్వామి ఉన్నారా’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబును. వార్తా శీర్షికల్లో ఈ వివరాలు తరచూ జారిపోతాయి.

అన్నల సంగతి మరీ ఆసక్తికరం. ఒకే తల్లికి పుట్టిన అన్నలు ఎక్కువయ్యే కొద్దీ తమ్ముడికి స్వలింగ ఆకర్షణ ఉండే అవకాశం కొద్దిగా పెరుగుతుందని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక్కో అన్నకు పెరుగుదల దాదాపు మూడో వంతు. అంటే నూటికి రెండుగా ఉన్న అవకాశం మూడుకు కూడా చేరదు. ఒకే ఇంట్లో పెరిగినా, దత్తత వచ్చిన అన్నల వల్ల ఈ తేడా కనబడలేదు. కాబట్టి దీని మూలం పుట్టుకకు ముందే, గర్భంలో ఉండవచ్చని శాస్త్రవేత్తల అంచనా.

హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, స్వలింగ ఆకర్షణ గలవారు అందరూ ఒకటేననుకోవడం మరో పొరపాటు. తాను స్త్రీనా, పురుషుడినా అన్నది ఒక విషయం. ఎవరిపట్ల ఆకర్షణ కలుగుతుందన్నది వేరే విషయం.

ఇక మార్చడం సంగతి. అమెరికాలోని రాబర్ట్ స్పిట్జర్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1973 నిర్ణయంలో కీలక పాత్ర ఆయనదే. కొందరు చికిత్సతో మారారని 2003లో వ్యాసం ప్రచురించిందీ ఆయనే. ఆ వ్యాసానికి ఆధారం, ‘మేం మారాం’ అని ఫోన్‌లో చెప్పినవారి మాటలు మాత్రమే. 2012లో ఆయన తన పొరపాటును ఒప్పుకుని బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఇలాంటి ‘చికిత్స’లు ఆకర్షణను మారుస్తాయనడానికి ఆధారం లేదు. వాటిని చవిచూసినవారిలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువని మాత్రం అధ్యయనాల్లో తేలింది. 2021లో మద్రాసు హైకోర్టు వీటిని నిషేధించాలని చెప్పింది. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ వీటిని వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

పెళ్లి అనే ‘మందు’కు ఇంకో బాధితురాలు కూడా ఉంటుంది. ఏమీ తెలియకుండా ఆ ఇంటికి కోడలిగా వచ్చే అమ్మాయి!

డాక్టర్ దగ్గరకు వెళ్లడంలో తప్పేమీ లేదు. భయం, దిగులు, నిద్రలేమి ఉంటే వాటికి చికిత్స ఉంది. తల్లిదండ్రులకు కూడా కౌన్సెలింగ్ అవసరం కావచ్చు. ‘మార్చేస్తాను’ అంటూ హార్మోన్లో, షాకులో మొదలుపెట్టే వైద్యుడిపై మాత్రం రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.