అమీర్‌పేట: హాస్టల్ మంచం మీద నల్ల తెర

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర మెట్రో మెట్లు దిగి, చేతిలో పాంప్లెట్ పడకుండా రోడ్డు దాటిన మనిషి ఉండడు. డెవాప్స్, డేటా సైన్స్, సేల్స్‌ఫోర్స్, ఫుల్‌స్టాక్ జావా. కోర్సు ఏదైనా కాగితం కింద 'ఫ్రీ డెమో' అని ఉండి తీరుతుంది. వెనక ఆదిత్య ఎన్‌క్లేవ్‌లోకి మళ్లితే నీలగిరి, అన్నపూర్ణ అంటూ బ్లాకుల పేర్లు చల్లగానే ఉంటాయి గానీ గోడలకు ఏ రంగు వేశారో చెప్పలేం. పై అంతస్తు దాకా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలే. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరుచుకున్నది 1998లో. అప్పటికే ఇక్కడ కోబాల్ బ్యాచ్‌లు నడుస్తున్నాయి. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లలో తేదీలు తలకిందులవుతాయన్న భయం ఈ సందుల్లోంచి ఎంతమందిని అమెరికా విమానం ఎక్కించిందో లెక్క కట్టినవాళ్లు లేరు.

కోర్సుల పేర్లు మారుతూనే ఉన్నాయి. డెవాప్స్ అయినా, క్లౌడ్ అయినా, డేటాబేస్ అయినా మొదటి మెట్టు మాత్రం మారలేదు: లైనక్స్ కమాండ్లు. సార్ ప్రొజెక్టర్ మీద కొట్టి చూపిస్తారు, కుర్రాళ్లు నోట్సులో రాసుకుంటారు. ఇది రాసుకుంటే వచ్చే విద్య కాదు, వేళ్లకు అలవాటు కావాలి. ల్యాబ్‌లో దొరికే కాస్త సమయం అందుకు చాలదు. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ఫరవాలేదు. లేనివాడు ఎస్సార్ నగర్, బల్కంపేట హాస్టళ్ల షేరింగ్ గదుల్లో, కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులకని ఇంట్లో కొన్న ట్యాబ్‌ని దిండుకి ఆనించి కూర్చుంటాడు. అందులో నల్ల తెర, ఒక డాలర్ గుర్తు, మినుకుమినుకుమనే కర్సర్. అది టెర్మక్స్ అనే యాప్. ఫ్రెడ్రిక్ ఫోర్న్‌వాల్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు, 2015 నుంచి ఉంది, ఉచితం.

ఆండ్రాయిడ్ లోపలి కెర్నల్ ఎటూ లైనక్సే. టెర్మక్స్ దానికి ఒక షెల్‌నీ, ప్యాకేజీలు దించుకునే ఏర్పాటునీ జోడించింది. 'పీకేజీ ఇన్‌స్టాల్ పైథాన్' అని కొడితే పైథాన్ దిగుతుంది. గిట్, విమ్, మరియాడీబీ కూడా అంతే. సీ ప్రోగ్రాములకు జీసీసీ బదులు క్లాంగ్ పనిచేస్తుంది. ట్యాబ్‌ని రూట్ చేయనక్కర్లేదు, వారంటీ పోగొట్టుకోనక్కర్లేదు.

కష్టమంతా కీబోర్డుతోనే. టచ్ కీబోర్డులో కంట్రోల్, ట్యాబ్, ఎస్కేప్ మీటలు ఉండవు. టెర్మక్స్ వాటిని తెర అడుగున వరుసగా పేర్చి ఇస్తుంది. వాల్యూమ్ తగ్గించే బటన్‌ని కంట్రోల్‌లా వాడుకోనిస్తుంది. పరుగెత్తుతున్న ప్రోగ్రామ్‌ని ఆపాలంటే వాల్యూమ్ డౌన్ నొక్కిపట్టి 'సీ' కొట్టాలి. ఓటీజీ వైరుతో మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల జోరు వేరు.

అయినా ఈ కమాండ్లు ఇబ్బందికరమైన మీటల కోసమే పుట్టాయి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం మర్రీ హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టిన కాలంలో మామూలుగా ఎదురుగా తెర ఉండేది కాదు. టెలిటైప్ ఉండేది. దాని మీట గట్టిగా నొక్కాలి. మోడల్ 33 అనే రకం సెకనుకి పది అక్షరాలు కాగితం మీద టకటకా అచ్చేసేది. ఆ వేగానికి పొడుగు పేర్లు ఎవరు కొడతారు? అందుకే లిస్ట్ ఎల్ఎస్ అయింది, కాపీ సీపీ అయింది, మూవ్ ఎమ్వీ అయింది. కంప్యూటర్ బొటనవేలి కిందికి వచ్చాక ఆ పిసినారితనమే మళ్లీ పనికొచ్చింది. విమ్ ఎడిటర్‌లో కర్సర్ కదపడానికి హెచ్, జే, కే, ఎల్ నొక్కడం కొత్తవాళ్లకు శిక్షలా ఉంటుంది. దాని మాతృక వీఐని బిల్ జాయ్ బర్క్‌లీలో ఏడీఎం-3ఏ టెర్మినల్ మీద రాశాడు. ఆ యంత్రంలో బాణం గుర్తులు ఆ నాలుగు అక్షరాల మీటల మీదే అచ్చువేసి ఉండేవి, విడిగా బాణాల మీటలు లేవు. ట్యాబ్ కీబోర్డు మీదా లేవు కదా!

తెలుగు మాత్రం ఈ తెర మీద ఇప్పటికీ చుట్టమే. టెర్మినల్ అక్షరానికొక గడి చొప్పున గీసి పెట్టుకుంటుంది. మన గుణింతాలూ ఒత్తులూ ఆ గళ్లలో ఒదగవు. తెలుగు పేరున్న ఫైల్ జాబితాలో కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట ఉంటాయి. అందుకే తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లూ ఫైళ్లకు ఇంగ్లిష్ పేర్లే పెట్టేస్తారు.

ఇక అసలు చిక్కు. అమీర్‌పేటలో ప్రతి కోర్సుకీ జిరాక్స్ షాపుల్లో నోట్సు దొరుకుతుంది. ఎప్పటి బ్యాచ్‌లోనో ఎవరో శ్రద్ధగా రాసుకున్నది, స్పైరల్ బైండింగ్ వేసి అమ్ముతారు. లైనక్స్ నోట్సు చాలావరకు రెడ్ హ్యాట్ అనే లైనక్స్ రకాన్ని మనసులో పెట్టుకుని రాసింది. అది చూసి ట్యాబ్‌లో కొడితే మొదటి పేజీలోనే తగువు వస్తుంది. రూట్ డైరెక్టరీలో ఏముందో చూపించమంటే 'పర్మిషన్ డినైడ్'. రూట్ అధికారంతో కమాండ్ నడిపే సుడో లేదు. యూజర్‌యాడ్ పనిచేయదు. సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌సీటీఎల్ అసలే లేదు. 'హూ యామ్ ఐ' అని అడిగితే మన పేరు రాదు. 'యూ0_ఏ' అని మొదలై చివర ఒక అంకె ఉన్న ముక్క వస్తుంది. ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌నీ ఒక వేరే యూజర్‌గా చూసి, ఎవరి గదిలో వాళ్లని పెట్టి తలుపేస్తుంది. ఈ కుర్రాడి హోమ్ డైరెక్టరీ కూడా టెర్మక్స్ గదిలో ఒక మూల. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూడాలన్నా విడిగా అనుమతి అడగాల్సిందే.

నాకైతే ఇది లోటు అనిపించలేదు. నోట్సులో ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తే కుర్రాడు బట్టీ పట్టి వదిలేస్తాడు. రానప్పుడు, యూజర్ అంటే ఎవరు, 1024 కంటే తక్కువ నంబరు పోర్టులు మామూలు యూజర్‌కి ఎందుకు ఇవ్వరు, అందుకే టెర్మక్స్‌లో దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ 22 వదిలి 8022 మీద కూర్చుంటుందా అని వెతుక్కుంటాడు. ఇంటర్వ్యూలో అడిగేదీ అదే.

నోట్సు ప్రకారమే కావాలనుకునేవాళ్లకు ప్రూట్-డిస్ట్రో ఉంది. ట్యాబ్ లోపల ఉబుంటునో డెబియన్‌నో దించి, రూట్ యూజర్‌గా వేషం కట్టిస్తుంది. డాలర్ గుర్తు పోయి హ్యాష్ గుర్తు వస్తుంది, పోజు బాగుంటుంది. వేషం వేషమే, నిజం రూట్ అధికారాలు రావు. పైగా నెమ్మది. సిస్టమ్‌సీటీఎల్ అప్పుడూ రాదు.

ఈ గదుల్లో 'సిగ్నల్ నైన్ వచ్చింది అన్నా' అంటే అర్ధరాత్రి దాకా నడిచిన పని నడిమధ్యలో చచ్చిందని. ఆండ్రాయిడ్ 12 నుంచి ఒక కొత్త కాపలా వచ్చింది. యాప్‌లు పుట్టించిన పిల్ల ప్రాసెస్‌లు మొత్తం 32 దాటితే సిస్టమ్ వాటిని చంపేస్తుంది. బ్యాటరీ కోసం పెట్టిన నియమమే, మామూలు యాప్‌లకు మంచిదే. కంపైలర్ నడిపేవాడికి మాత్రం గండం. అంతకుముందు ఆండ్రాయిడ్ 10 మరో తలుపు బిగించింది. కొత్త నిబంధనల ప్రకారం తయారైన యాప్, తర్వాత దించుకున్న ప్రోగ్రాముల్ని తన సొంత ఫోల్డర్‌లోంచి నడపకూడదు. టెర్మక్స్ బతుకే అది! ఆ నిబంధన వల్లే 2020 తర్వాత ప్లే స్టోర్‌లోని టెర్మక్స్‌కి ఏళ్ల తరబడి అప్‌డేట్లు రాలేదు. పాత కాపీ వేసుకున్నవాడు ప్యాకేజీ దించబోతే వరసగా ఎర్రర్లు. సీనియర్ మొదట అడిగే ప్రశ్న అందుకే 'ఎక్కడ్నించి వేశావ్?' అని. ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ స్టోర్ నుంచి అని చెబితే ముందుకు వెళ్తారు.

ఐప్యాడ్ ఈ హాస్టళ్లలో అరుదు. ఉన్నవాళ్లకు ఐఎస్‌హెచ్, ఏ-షెల్ ఉన్నాయి. ఐఎస్‌హెచ్ లోపల ఒక ఎక్స్86 ప్రాసెసర్‌ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించి ఆల్పైన్ లైనక్స్ నడుపుతుంది, ఓపిక ఉంటే చాలు.

ట్యాబ్ మీద ప్రోగ్రామింగ్ అన్న ఆలోచనకి హైదరాబాద్‌తో పాత బంధమే ఉంది. 2011 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన చౌక ట్యాబ్లెట్ ఆకాశ్ తొలి విడతను బిగించింది ఈ నగరంలోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. దాని మీద విమర్శలే ఎక్కువ వచ్చాయి. తర్వాత వచ్చిన ఆకాశ్-2 కోసం ఐఐటీ బొంబాయి బృందం సీ, సీ++, పైథాన్, సైల్యాబ్ నడిచే ఏర్పాట్లు చేసిందన్న సంగతి మాత్రం తక్కువమందికి గుర్తుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు లక్షల ట్యాబ్‌లు పంచినప్పుడు, పిల్లలు వేరే యాప్‌లు వేసుకోకుండా తాళం వేసి ఇచ్చింది. కారణం అర్థమవుతుంది. ఆ పిల్లలు అమీర్‌పేట మెట్లెక్కేనాటికి వాళ్ల చేతిలో ఉండేవి వేరే ట్యాబ్‌లే అయి ఉంటాయి.

కోర్సు సగం దాటాక ఎక్కువమంది ట్యాబ్‌ని ఇంకో రకంగా వాడతారు. క్లౌడ్‌లో చిన్న సర్వర్ ఒకటి తీసుకుని, టెర్మక్స్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో అందులోకి వెళ్తారు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే ఒక రీజియన్ తెరిచింది కాబట్టి ఆ సర్వర్ ఇదే నగరం పరిసరాల్లో ఉండొచ్చు. అక్కడ సుడో ఉంది, సిస్టమ్‌సీటీఎల్ ఉంది, జిరాక్స్ నోట్సులోని ప్రతి లైనూ నడుస్తుంది. ట్యాబ్ చేసే పని తక్కువ: కొట్టిన అక్షరాన్ని పంపడం, వచ్చిన జవాబుని చూపడం. 1990ల్లో ఒక పెద్ద యూనిక్స్ యంత్రానికి డంబ్ టెర్మినళ్లు తగిలించి నేర్చుకున్న తరానికి ఇది తెలిసిన దృశ్యమే. వైఫై పోతే చదువు ఆగుతుంది, సర్వర్ ఆపడం మరిచిపోతే బిల్లు వస్తుంది. ఈ రెండో సంగతి ఇక్కడ ప్రతి సీనియరూ జూనియర్‌కి చెప్పే మొదటి జాగ్రత్త.

2025 మార్చిలో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో ఒక టెర్మినల్ యాప్ చేర్చింది. డెవలపర్ ఆప్షన్లలో ఆన్ చేసుకుంటే డెబియన్ మొత్తం ఒక వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంది. వేషం కాదు, లోపల నిజమైన రూట్ ఉంటుంది. ఇన్నాళ్లూ బిగిస్తూ వచ్చిన కంపెనీయే ఇంకో వైపు నుంచి తలుపు తీసింది. దానికి ఆండ్రాయిడ్ 15, వర్చువలైజేషన్ నడిపే చిప్, ఖాళీ స్టోరేజీ కావాలి. బల్కంపేట గదుల్లోని ట్యాబ్‌లు ఆ తరానివి కావు. వాటి తెర మీద పాత టెర్మక్స్ ఐకానే ఉంది, ఈ నెలలో చేరిన బ్యాచ్ కూడా ఎఫ్-డ్రాయిడ్ నుంచే దించుకుంటోంది.