‘హలాల్’ అని రాస్తే కంప్యూటర్‌కు ఏం అర్థమవుతుంది?

ఉర్దూలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. ‘కల్ ఆయా’ అంటే నిన్న వచ్చాడని, ‘కల్ ఆయేగా’ అంటే రేపు వస్తాడని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం ఆ మాట ఉత్త అక్షరాలే. దాని అర్థం ఎవరో ఒకరు ముందే చెప్పి పెట్టాలి.

ఈ అవసరం నుంచి పుట్టిందే ‘సెమాంటిక్ వెబ్’. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, మరో ఇద్దరు నిపుణులతో కలిసి 2001 మే నెలలో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో దీన్ని వివరించారు. అందులో ఓ అక్కాతమ్ముళ్లు తల్లికి ఫిజియోథెరపీ చేయించాలి. బీమా వర్తించే క్లినిక్‌ను వెతికి, అందరికీ వీలైన సమయం చూసే పనిని వాళ్లు తమ సాఫ్ట్‌వేర్ ఏజెంట్లకు అప్పగిస్తారు. మన తరఫున వెతికి పని చక్కబెట్టే ప్రోగ్రామే ఏజెంట్.

ఒకరి ఏజెంట్ మాట ఇంకొకరి ఏజెంట్‌కు అర్థం కావాలంటే ఇద్దరూ మాటలను ఒకే అర్థంలో వాడాలి. హైదరాబాద్ తెలంగాణలో ఉంది, పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఉంది. పేరొక్కటే చూస్తే ఏజెంట్ పొరబడొచ్చు. అందుకే 2012లో మొదలైన ‘వికీడేటా’ ఒక్కో ఊరికి ఒక్కో నంబరు ఇస్తుంది. తెలుగులో రాసినా ఉర్దూలో రాసినా ఆ ఊరి నంబరు మారదు.

వ్యాపారాల కోసం కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో ‘స్కీమా డాట్ ఆర్గ్’ అనే ఉమ్మడి పదాల పట్టిక తెచ్చాయి. వంటకం ఎలాంటి ఆహార నియమానికి సరిపోతుందో చెప్పే చోట అందులో ‘హలాల్’ కూడా ఉంది. హోటల్ వెబ్‌సైట్ కోడ్‌లో బిర్యానీకి ఆ గుర్తు పెడితే, అది ఏ నియమానికి సరిపోతుందో ఏజెంట్ ఊహించుకోనక్కర్లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ గుర్తు పెట్టేది హోటల్ యజమానే. మాంసం ఎక్కడిది, ఎవరు జబహ్ చేశారు, సర్టిఫికెట్ ఎవరిచ్చారు అన్నది ఆ ఒక్క మాటలో ఉండదు. జంతువుకు ముందు స్పృహ తప్పించడం, యంత్రంతో కోయడం లాంటి విషయాల్లో సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల మధ్యే తేడాలున్నాయి. పదం ఒకటే అయినా అందరి ఒప్పందం ఒకటి కాదు. వెబ్‌లో కనిపించిన మాటను, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూశాకే ఏజెంట్ నమ్మాలని 2001 వ్యాసం కూడా చెప్పింది.

కాబట్టి ఫోన్‌లోని ఏఐ ‘ఇది హలాల్ హోటల్’ అంటే, ‘ఎవరు చెప్పారు?’ అని అడగడం మానొద్దు. హోటల్ నడిపేవాళ్లు వెబ్‌సైట్ చేసేవారితో మాట్లాడి మెనూ, చిరునామా, రంజాన్ నెలలో మారే వేళలను ఈ పద్ధతిలో రాయించుకోవచ్చు. ప్రత్యేక రోజుల వేళలు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో చెప్పే వీలు ఆ పట్టికలోనే ఉంది. సర్టిఫికెట్ ఉంటే అది ఎవరిచ్చారో, ఎప్పటివరకు చెల్లుతుందో పేజీలో స్పష్టంగా రాయడం మంచిది.