మూడు ఊళ్ళు, ఒక రిజర్వుడు సీటు: బాపట్ల పార్లమెంటు కథ

బాపట్ల అనగానే చాలామందికి సూర్యలంక సముద్రం గుర్తొస్తుంది. చీరాల అంటే మగ్గాలు, ఓడరేవు. మాకు మాత్రం ఈ తీరప్రాంతపు పార్లమెంటు నియోజకవర్గం అంటే మూడు ఊళ్ళు: కారంచేడు, చుండూరు, ఈదుమూడి. తెలుగునాట దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పిన ఈ మూడు ఊళ్ళూ ఇవాళ ఒకే లోక్‌సభ సీటు కిందికి వస్తాయి. ఆ సీటు ఎస్సీలకు రిజర్వు అయివుంది. ఏ ఉద్యమమో అడిగి సాధించుకున్నది కాదిది. 2008లో నియోజకవర్గాల హద్దులు తిరగరాసినప్పుడు అలా కలిసొచ్చింది. అలా కలిసొచ్చాక ఏం మారింది, ఏం మారలేదు అన్నదే మా ప్రశ్న.

ముందు ఈ నేల సంగతి. కృష్ణా కాలవల కింద వరి, పైభాగాన పొగాకు. భూమి ఎవరి చేతిలో ఉందో ఊరి పెత్తనమూ వాళ్ళ చేతిలోనే. మాలపల్లె, మాదిగపల్లె ఊరి బయట. అయితే ఈ ప్రాంతంలో ఇంకో సంగతి కూడా జరిగింది. మిషనరీ బళ్ళు వచ్చాయి, రైలు వచ్చింది, చీరాలలో పొగాకు కంపెనీ వచ్చింది. పల్లెల్లో పిల్లలు చదువుకున్నారు. ఊరి ఆసామి పొలం ఒక్కటే బతుకుతెరువు కాకుండా పోయింది. చదువుకున్నవాడు వంగి నిలబడడు గదా! గొడవంతా అక్కడే మొదలైంది.

1985 జూలై 16న కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర ఊరివాళ్ళు నీళ్ళు మురికి చేస్తుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డం తిరిగింది. మర్నాడు పొద్దున కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగలను చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాలకు పరుగెత్తి అక్కడే శిబిరం వేసుకున్నారు. ఆ పోరాటంలో నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండి నడిపిన దళిత మహాసభ పుట్టింది. ఆరేళ్ళకు చుండూరు. సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీటుకు తగిలిందన్న తగాదా నెల రోజులు రగిలి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యతో తేలింది. చంపినవాళ్ళు ఆ ఊరి రెడ్లు, తెలగాలు. తర్వాత మూడేళ్ళకు, 1994 జూలై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. ఎస్సీ రిజర్వేషన్లలో ఎవరి వాటా ఎంత అని అది మన ఇంట్లోనే ప్రశ్న వేసింది.

ఇప్పుడు పార్లమెంటు సీటు సంగతికి వద్దాం. బాపట్ల సీటు 1977 ఎన్నికలతో మొదలైంది. అప్పటినుంచి 2008 దాకా జనరలే. 1977లోనూ 1980లోనూ కాంగ్రెసు తరఫున అంకినీడు ప్రసాదరావు గెలిచారు. 1984లో తెలుగుదేశం చిమటా సాంబు, 1989లో కాంగ్రెసు సలగల బెంజమిన్. ఆ తర్వాతి వరసను కొంచెం ఆగి చూడాలి. 1991లో తెలుగుదేశం నుంచి దగ్గుబాటి వెంకటేశ్వరరావు గెలిచారు. ఆయన సొంత ఊరు కారంచేడు. దాడి జరిగిననాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుకు అల్లుడు. 1996లో ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు. 1998లో కాంగ్రెసు నుంచి నేదురుమల్లి జనార్దనరెడ్డి, అంటే చుండూరు హత్యలు జరిగినప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్నాయన. 1999లో సినిమా నిర్మాత డి. రామానాయుడు, ఆయనదీ కారంచేడే. 2004లో కాంగ్రెసు నుంచి దగ్గుబాటి పురంధేశ్వరి, వెంకటేశ్వరరావు గారి భార్య.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. 1985 నేరాన్ని ఈ పేర్లకు అంటగట్టడం మా ఉద్దేశం కాదు. పదమూడేళ్ళలో మూడుసార్లు, రెండు పార్టీల జెండాల కింద, ఈ సీటు ఒకే ఊరి పెద్ద కుటుంబాలకు దక్కింది. అదే ఊరి మాదిగలు మాత్రం ఊరు వదిలి చీరాల కాలనీలో ఉన్నారు. పార్టీ మారినా టికెట్టు నడిచే దారి మారలేదు. మేము అంటున్నది అంతే.

2008లో హద్దులు మారాయి. తెనాలి లోక్‌సభ సీటు లేకుండా పోయింది, దాని కింద ఉన్న వేమూరు బాపట్లలో కలిసింది. చుండూరు వేమూరులోదే. ఒంగోలు వైపునుంచి సంతనూతలపాడు వచ్చింది, దానితో ఈదుమూడి వచ్చింది. కారంచేడు ఉన్న పర్చూరు ముందునుంచీ ఇక్కడిదే. ఎస్సీ జనాభా నిష్పత్తి ఎక్కువ ఉన్నచోట, రాష్ట్రంలో తలోవైపు పడేట్టు రిజర్వుడు సీట్లు ఇవ్వాలని డీలిమిటేషన్ చట్టం చెబుతుంది. ఆ లెక్కన ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ లోక్‌సభ సీట్లు ఆరు నుంచి ఏడయ్యాయి. నెల్లూరు జనరల్ అయింది, బాపట్ల రిజర్వు అయింది.

వెంటనే ఏం జరిగిందో చూడండి. పురంధేశ్వరి విశాఖపట్నం వెళ్ళి 2009లో అక్కడ గెలిచారు. నెల్లూరు నుంచి మూడుసార్లు ఎంపీ అయిన పనబాక లక్ష్మి బాపట్ల వచ్చి ఇక్కడ గెలిచారు. 2014లో తెలుగుదేశం మాల్యాద్రి శ్రీరాం, 2019లో వైఎస్సార్ కాంగ్రెసు నందిగం సురేష్, 2024లో తెలుగుదేశం తెన్నేటి కృష్ణప్రసాద్. నాలుగు ఎన్నికలకు నలుగురు ఎంపీలు. సురేష్‌ది అమరావతి దగ్గరి ఉద్దండరాయునిపాలెం, కృష్ణప్రసాద్ రిటైరైన ఐపీఎస్ అధికారి. ఏ ఒక్కరూ కారంచేడు పోరాటంలోనుంచో చుండూరు పోరాటంలోనుంచో ఎదిగి టికెట్టు తెచ్చుకున్నవాళ్ళు కారు. ఇందులో వాళ్ళ తప్పు వెతకడం మాకిష్టం లేదు. ఏర్పాటే అలాంటిది.

ఆ ఏర్పాటు ఏమిటి? రిజర్వుడు సీటులో నిలబడేది మనవాడే గానీ ఓటు వేసేది అందరూ. 1932 పూనా ఒప్పందంలో ఉమ్మడి ఓటు ఒప్పుకున్నప్పుడు అంబేద్కర్ ఒక రక్షణ కూడా పెట్టించారు. ముందుగా ఎస్సీ ఓటర్లే నలుగురు అభ్యర్థులను ఎంచుకోవాలి, ఆ నలుగురిలోనుంచే అందరూ ఒకరిని ఎన్నుకోవాలి. రాజ్యాంగం వచ్చాక ఉమ్మడి ఓటు మిగిలింది, ఆ ముందు ఎంపిక పోయింది. ఇప్పుడు ఎంపిక చేసేది పార్టీ ఆఫీసు.

దానికి తోడు కింది లెక్క. బాపట్ల పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. వేమూరు, సంతనూతలపాడు రెండే ఎస్సీలవి. రేపల్లె, బాపట్ల, చీరాల, పర్చూరు, అద్దంకి జనరల్. ఎంపీ అభ్యర్థి ప్రచారం జీపు ఎక్కాలన్నా, బూతుల్లో ఏజెంట్లు కూర్చోవాలన్నా, ఊరి పెద్దలు సరేననాలన్నా ఈ ఐదుగురు ఎమ్మెల్యే అభ్యర్థులే దిక్కు. 2009లో సీటు రిజర్వు అయ్యాక కూడా పర్చూరు ఎమ్మెల్యేగా గెలిచింది దగ్గుబాటి వెంకటేశ్వరరావే. పైన మనవాడు, కింద పాతవాళ్ళే. అలా గెలిచిన ఎంపీ రేపు ఊరికీ పల్లెకూ తగాదా వస్తే ఎవరి వైపు నిలబడతాడు? నిలబడాలని ఉన్నా ఎంతవరకు నిలబడగలడు? కమ్యూనిటీ హాలుకు నిధులిస్తాడు, విగ్రహానికి దండ వేస్తాడు. కేసు దగ్గరకు వచ్చేసరికి నోరు పెగలదు.

కేసుల తేదీలు సీటు తేదీల పక్కన పెట్టి చూస్తే మాకే ఆశ్చర్యమేసింది. హద్దులు మారిన 2008లోనే, డిసెంబరులో, కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చింది. ఒకరికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్ళు. హత్యలు జరిగిన ఇరవై మూడేళ్ళకు. చుండూరు బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్ళోనే పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. సరిగ్గా పదిహేను రోజులకు, మే 7న, ఇక్కడ పోలింగు. చుండూరు ఉన్న వేమూరూ రిజర్వుడే, బాపట్ల లోక్‌సభా రిజర్వుడే. అయినా ఆ ఎన్నిక రాష్ట్ర విభజన మీద, రాజధాని మీద, రుణమాఫీ మీద నడిచింది.

ఇక ఈదుమూడి వేసిన ప్రశ్న. 1997లో రాష్ట్రం ఏబీసీడీలుగా వర్గీకరించింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చంది. ఇదంతా చదువులకు, ఉద్యోగాలకు. చట్టసభల సీట్లకు వర్గీకరణ లేదు. అక్కడ మాలలకా, మాదిగలకా, రెల్లికా అన్నది మళ్ళీ పార్టీ ఆఫీసే తేలుస్తుంది. ఒక పార్టీ మాదిగకు ఇస్తే ఇంకోటి మాలకు ఇచ్చి ఓటు చీల్చాలని చూస్తుంది. దండోరా పుట్టిన ఊరు ఈ సీటులోనే ఉంది గనక ఈ చర్చ ఇక్కడివాళ్ళే మొదలుపెట్టడం సబబని మేము అనుకుంటున్నాం.

చివరిగా ఒక చిన్న సంగతి. కారంచేడు నుంచి వచ్చేసినవాళ్ళకు చీరాలలో కట్టిన కాలనీ పేరు విజయనగర్ కాలనీ. అది చీరాల సెగ్మెంటులోకి వస్తుంది. వాళ్ళు పారిపోయి వచ్చిన ఊరు పర్చూరు సెగ్మెంటులో ఉంది. ఆ ఊరి ఎమ్మెల్యే ఎవరవ్వాలన్న విషయంలో కాలనీ ఓటుకు పని లేదు. రెండు చోట్లా కలిసి చెల్లేది పార్లమెంటు ఓటు ఒక్కటే.