కింద వేసిన లైటు పైన ఎలా ఆరుతుంది?

రాయచూరు జిల్లా సింధనూరు చుట్టుపక్కల, తుంగభద్ర ఎడమ కాలువ కింద క్యాంపులనే తెలుగు రైతుల ఊళ్లున్నాయి. అక్కడి మిద్దె ఇళ్లలో చూడండి: కింద స్విచ్ వేసి మెట్లెక్కినవాళ్లు పైన ఇంకో స్విచ్‌తో అదే లైటు ఆర్పేస్తారు. ఎలా?

మామూలు స్విచ్‌కు వెనక రెండు స్క్రూలుంటాయి. టూవే స్విచ్‌కు మూడు. సాధారణంగా మధ్యది ఉమ్మడి. నొక్కినప్పుడల్లా అది పై స్క్రూతోనో కింది స్క్రూతోనో కలుస్తుంది. కింది స్విచ్ ఉమ్మడి స్క్రూకు ఫేజ్ తీగ వస్తుంది, పై స్విచ్ ఉమ్మడి స్క్రూ నుంచి ఇంకో తీగ బల్బుకు వెళ్తుంది. స్విచ్‌ల మధ్య రెండు తీగలు నడుస్తాయి. రెండు స్విచ్‌లూ ఒకే తీగను పట్టుకుంటే లైటు వెలుగుతుంది. చెరొకటి పట్టుకుంటే కరెంటు దారి తెగుతుంది. అందుకే ఎవరు ఎక్కడ నొక్కినా మార్పు తప్పదు. ఈ స్విచ్‌లకు ఫలానా వైపు ఆన్ అనేది ఉండదు!

ఇంకో అంతస్తు ఉంటే? నడుమ నాలుగు స్క్రూల ఇంటర్మీడియట్ స్విచ్ పెడతారు. అది ఆ రెండు తీగలను ఒకసారి తిన్నగా, ఒకసారి అటుదిటు, ఇటుదటు మార్చి కలుపుతుంది. ఇలాంటివి ఎన్నయినా చేర్చుకోవచ్చు.

టార్చి సెల్లు, చిన్న బల్బుతో మీరూ చేసి చూడండి. గోడలోని 230 వోల్టుల జోలికి మాత్రం వెళ్లొద్దు. లైటు ఆరినా స్విచ్‌ల మధ్య నడిచే ఆ రెండు తీగల్లో ఒకదాంట్లో కరెంటు ఉంటూనే ఉంటుంది.